గుమ్మం దగ్గర కొవ్వొత్తి

1 జనవరి 1999, శుక్రవారం

ఇది మా ఆయన శౌరికి రైల్వేవాళ్ళు ఇచ్చిన డైరీ. రోజంతా స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే మనిషికి ఇంటికొచ్చి రాసే ఓపిక ఎక్కడిది, నువ్వే ఉంచుకో అన్నారు. ఉంచుకున్నాను. కాకినాడ డాక్టరమ్మ కూడా ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమంది. ఇది వ్యాపకం కిందికి వస్తుందో రాదో ఆవిడనే అడగాలి.

కొత్త సంవత్సరం పూజకి వెళ్ళలేదు. తలనొప్పి. శౌరి, అత్తయ్యగారు వెళ్ళొచ్చారు. గుళ్ళో బైబిలు మొదటి పఠనం ఎప్పుడూ నేనే చదువుతాను. ఇవాళ జ్ఞానమ్మగారి మనవరాలు చదివిందట. "తడబడిందమ్మా, నువ్వుంటే బాగుండేది" అన్నారు అత్తయ్యగారు. ఆ పిల్ల బడిలో నా తొమ్మిదో తరగతే. తడబడదు. కామాలు చూసుకోదు, అంతే.

3 జనవరి, ఆదివారం

పూజకి వెళ్ళలేదు. అప్పటికే బట్టలు నానబెట్టేశాను.

4 జనవరి, సోమవారం

నిన్నటితో ముగ్గురు రాజుల పండుగ వెళ్ళింది కదా, ఇళ్ళు దీవించడానికి ఫాదర్ రాయన్నగారు మా వీధికి వచ్చారు. అత్తయ్యగారు పొద్దున్నే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పళ్ళెంలో రాళ్ళ ఉప్పు, సీసాతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. పాత ఫాదర్‌గారైతే ముందు ఉప్పుని మంత్రించేవారు, తర్వాత నీళ్ళని, ఆ తర్వాత ఉప్పు తీసి నీళ్ళలో కలిపేవారు. ఆ తీర్థం ఏడాది పొడవునా మా ఇంట్లో సర్వరోగనివారిణి. జ్వరానికి అదే, పీడకలకి అదే, పక్కింటివాళ్ళ గేదె తన్నినా అదే.

రాయన్నగారికి ముప్పై రెండో మూడో ఉంటాయి. బెంగుళూరులో చదువుకొచ్చారు. కొత్త పుస్తకం తెరిచి ఇంట్లోవాళ్ళ కోసం చక్కటి ప్రార్థన చదివారు. మా ముగ్గురి నుదుటి మీద సిలువ గుర్తు వేశారు. పుస్తకం మూసేశారు.

"మరి నీళ్ళండి?" అన్నారు అత్తయ్యగారు.

"దీవెన మనుషులకమ్మా. మనుషులు బాగుంటే నీళ్ళూ బాగుంటాయి."

"మనుషుల్ని సీసాలో పోసి దాచుకోలేం కదండి."

ఫాదర్‌గారు నవ్వేశారు. నేనూ నవ్వాను. నేను నవ్వి చాలా రోజులైందని శౌరి మొహం చూస్తే తెలిసింది. వెంటనే మానేశాను.

వెళ్ళబోతూ ఫాదర్‌గారు నాతో అన్నారు, "టీచర్‌గారూ, మీరు ఎప్పుడైనా రావచ్చండి. తలుపులు తీసే ఉంటాయి."

"వస్తానండి" అన్నాను.

అత్తయ్యగారు అడ్డొచ్చారు. "అలా వచ్చేయడం కాదండి, స్వాములవారూ. ఈ అమ్మాయిని గుమ్మం దగ్గర నిలబెట్టి మీరు లోపలికి తీసుకెళ్ళాలండి."

ఇది పాత వాడుక. కాన్పయిన ఆడది నేరుగా గుళ్ళోకి వెళ్ళకూడదు. వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని గుమ్మం బయట మోకరించాలి. ఫాదర్‌గారు వచ్చి తీర్థం చల్లి, మెడలో వేసుకునే పట్టీ, అదే స్టోలు, దాని కొస ఆవిడ చేతికిచ్చి లోపలికి నడిపించాలి. రాయన్నగారు కిందటేడు వచ్చిన నెలలోనే దాన్ని మాన్పించారు. "తల్లి కావడం మైల కాదు. మన ఆడవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు" అని ప్రసంగంలో చెప్పారు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా, ఇంటికొచ్చాక, శౌరి ముందు. అత్తయ్యగారు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇవాళ ఫాదర్‌గారు నెమ్మదిగానే చెప్పారు. "ఆవిడకి ఏ మైలా లేదమ్మా."

"అత్తయ్యగారూ, ఇంక ఊరుకోండి" అన్నాను నేను. ఊరుకున్నారు. ఉప్పు తీసుకెళ్ళి ఉప్పు డబ్బాలో పోసేశారు.

7 జనవరి, గురువారం

బాబు గురించి ఇందులో రాయకూడదనుకున్నాను. రాయకపోతే రాయనట్టే ఉండాలి కదా, ఉండటం లేదు.

డిసెంబరు మొదటి వారంలో పుట్టాడు. పుట్టేసరికే ఊపిరి లేదు. జుట్టు మాత్రం దండిగా ఉంది. నర్సు ఒకసారి చూపించింది.

ఊపిరి లేని బిడ్డకి జ్ఞానస్నానం ఉండదు. జ్ఞానస్నానం లేని పిల్లల్ని పూర్వం సమాధుల తోటలో పెట్టనిచ్చేవారు కాదు, కంచె బయట పెట్టేవారు. రాయన్నగారు అలా కాదన్నారట. తెల్లబట్టలు వేసుకుని తనే వచ్చి, ప్రార్థన చేసి, కంచె లోపల శౌరి వాళ్ళ నాన్నగారి పక్కన పెట్టించారట. ఇదంతా శౌరి చెప్పిందే. నేను ఆసుపత్రిలో ఉన్నాను.

ఫాదర్‌గారు చాలా మంచివారు. ఆ మాట రాసి పెట్టుకుంటున్నాను.

10 జనవరి, ఆదివారం

చామదుంపలకని మార్కెట్‌కి వెళ్ళాను. గుడి ఆ పక్కనే కాబట్టి గుమ్మం దాకా వెళ్ళాను. లోపల పాట మొదలైంది. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానని గుర్తొచ్చి వచ్చేశాను.

పాలు పెట్టలేదు.

17 జనవరి, ఆదివారం

వెళ్ళలేదు.

సాయంత్రం జ్ఞానమ్మగారు లడ్డూలు పట్టుకొచ్చారు. పొద్దున్న పూజలో వాళ్ళ చిన్నకోడలి బిడ్డకి జ్ఞానస్నానం జరిగింది. "మన రాయన్న ఫాదర్‌గారు ఎంత బాగా చేశారో అండి. మా కోడల్ని గుమ్మం దగ్గర నిలబెట్టడాలూ అవీ ఏం లేవు. ఆఖర్న తల్లిని బిడ్డనెత్తుకుని ముందుకి రమ్మని, ఇద్దర్నీ కలిపి దీవించారండి. అందరికీ కళ్ళమ్మట నీళ్ళు..." అని ఆగిపోయారు. పాపం, ఆవిడకి లడ్డూల డబ్బా ఎటు పెట్టాలో తెలియలేదు.

లడ్డూ బాగుందండి అన్నాను. నెయ్యి కాస్త ఎక్కువైంది.

19 జనవరి, మంగళవారం

బడి తెరిచారు. అందరూ నాతో మామూలుగా ఉన్నారు. అంత మామూలుగా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో కనిపిస్తూనే ఉంది.

20 జనవరి, బుధవారం

అత్తయ్యగారితో గొడవైంది. తప్పు నాదే. రాస్తే పోతుందేమో చూస్తాను.

చీకటి పడకముందే కరెంటు పోయింది. పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి. అలమరలో కనిపించిన కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను. అత్తయ్యగారు వచ్చి చూసి, ఉఫ్‌మని ఆర్పేశారు.

"అది కరెంటు పోతే వెలిగించేది కాదమ్మా. కొవ్వొత్తుల పండుగనాడు మంత్రించింది. గాలివాన వస్తేనో, ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తేనో వెలిగిస్తాం."

"మైనం మైనమే అత్తయ్యగారూ. మంత్రిస్తే వేరేగా కాలదు. సైన్సు టీచర్ని, నాకు తెలుసు."

"సరే, ఇటివ్వు."

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. "ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నా మెడలో మరియమ్మగారి ఉత్తరీయం, ఆ గుడ్డముక్కల తాడు, వేశారు. కడుపు మీద తీర్థం రాశారు. దిండు కింద మట్టలాదివారంనాడు గుళ్ళో ఇచ్చిన మట్ట పెట్టారు. ఇన్ని చేశారు కదా. ఏం చేశాయండి అవి?" అన్నాను.

పెద్దగా అరిచాననుకుంటాను. పక్కింటి సూర్యకాంతమ్మగారు రేడియో ఆపేశారు.

అత్తయ్యగారు కొవ్వొత్తి మీద ఇంకా మెత్తగా ఉన్న మైనాన్ని బొటనవేలితో సర్దుతూ నిలబడ్డారు. "ఏం చేయలేదు" అన్నారు. కొవ్వొత్తి అలమరలో పెట్టేస్తూ, "నేనూ అదే అడిగాను అప్పట్లో" అన్నారు.

ఎప్పట్లో అని నేను అడగలేదు.

24 జనవరి, ఆదివారం

వెళ్ళలేదు. కారణాలు రాయడం మానేస్తున్నాను. చదివితే నాకే నవ్వొస్తోంది.

26 జనవరి, మంగళవారం

జెండా వందనం అయ్యాక ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నారు. "రా, ఒకచోటికి వెళ్ళొద్దాం" అన్నారు. ఎక్కడికని అడగకుండానే తెలిసింది. రిక్షాలో సమాధుల తోటకి వెళ్ళాం.

బాబుది చిన్న చెక్క సిలువ. శౌరి తెల్లరంగు వేశారు, చేతికి అలవాటు లేని పని, కింద గడ్డికి కూడా రంగు అంటింది. ఆ రంగు గడ్డి చూసేసరికి ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు. అత్తయ్యగారు నన్ను ఆపలేదు. నా కొంగు మట్టిలో పడకుండా పట్టుకుని నిలబడ్డారు.

తర్వాత నన్ను గేటు నుంచి బయటికి తీసుకెళ్ళి, కంచె చుట్టూ తిప్పి వెనక వైపుకి తీసుకొచ్చారు. కంచెకీ కాలవకీ మధ్య కాస్త బీడు ఉంది. తుమ్మచెట్టు ఒకటి ఉంది. ఎవరో అక్కడ పిడకలు కొట్టుకుంటున్నారు.

"ఇక్కడ మా పెద్దాడు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. శౌరే పెద్దకొడుకు.

"శౌరికి ముందు. వాడికి తెలీదు. వాళ్ళ నాన్న చెప్పొద్దన్నారు."

నిలబడే చెప్పారు, పిడకల వైపు చూస్తూ. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అప్పుడు తెల్ల ఫాదర్‌గారు ఉండేవారు. జ్ఞానస్నానం లేదు, లోపల కుదరదు అన్నారు. మీ మామయ్యగారు ఒక్కరే పలుగు తెచ్చుకుని ఇక్కడ తవ్వారు. ఇంక ఆ గుడి గడప తొక్కనని ఇంట్లో కూర్చున్నాను. ఎవరు పిలిచినా వెళ్ళలేదు. నీలాగే. ఒకరోజు ఆ ఫాదర్‌గారే కబురు పెట్టారు, సంపూర్ణమ్మని కొవ్వొత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడమనండి, నేను వస్తాను అని. తిట్టడానికే వెళ్ళానమ్మా నేను. బలిపీఠం దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచొచ్చారు. మెడలో పట్టీ కొస నా చేతిలో పెట్టారు. లాటిన్లో ఏదో చదివారు, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. పట్టుకుని నడిచాను."

"మైల తీర్చడానికా అత్తయ్యగారూ?"

"ఏమో. ఆయనేం చదివారో నాకేం తెలుసు. నా కోసం ఒక మనిషి అంత దూరం నడిచొచ్చాడు, అంతే తెలుసు. నా బిడ్డని లోపలికి రానివ్వని మనిషే."

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అన్నారు, "ఈ ఫాదర్‌గారిని నేనేం అనను. మన బాబుని లోపల పెట్టారు. ఆయన కాళ్ళు కడిగినా తప్పులేదు. కానీ నిన్నూ లోపలికి తీసుకెళ్ళాలి కదా."

ఆవిడ నన్ను మైలపడ్డదానిగా చూస్తున్నారని ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఇంత చదువుకుని ఒక్కసారైనా ఎందుకత్తయ్యగారూ అని అడగలేదు.

28 జనవరి, గురువారం

బడి నుంచి వస్తూ ఫాదర్‌గారి ఆఫీసుకి వెళ్ళాను. పఠనాల జాబితాలోంచి నా పేరు తీసేయమని చెప్పడానికి. దానికి మాత్రమే.

"అదేంటండి, రెండో తారీఖు పండుగకి మీరే చదవాలి" అన్నారు ఆయన.

"రాలేకపోతున్నానండి."

"మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదండి. అందరూ బాగానే ఉన్నారు. గుమ్మం దాకా వస్తున్నాను, అక్కడ కాలు ఆగిపోతోంది."

"తలుపులు తీసే ఉన్నాయి కదండి."

"అవునండి. తీసే ఉన్నాయి కాబట్టి బయట ఎవరైనా ఉండిపోయారేమోనని ఎవరూ చూడరు."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కొత్త పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పారు. "బిడ్డనెత్తుకున్న తల్లికి దీవెన ఉందండి. మీకు... నా దగ్గరున్న దాంట్లో కనిపించడం లేదు."

"మా అత్తయ్యగారు చెప్పినది..." అన్నాను.

"తెలుసండి, ఆవిడ నిన్న వచ్చి వెళ్ళారు. ఆ బీడు సంగతి కూడా చెప్పారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కానీ నేను పాతది ఒక్కసారి మొదలుపెడితే, ఈ ఊళ్ళో ప్రతి అత్తా కోడల్ని మళ్ళీ గుమ్మం బయట నిలబెడుతుందండి. మాన్పించడానికి ఎంత గొడవైందో మీకు తెలుసు."

"తెలుసండి. చప్పట్లు కొట్టినదాన్ని నేనే."

ఆయన చెప్పింది సబబే. ఆయన కుర్చీలో నేనుంటే అదే చెప్పేదాన్ని, ఇంకా గట్టిగా చెప్పేదాన్ని. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

31 జనవరి, ఆదివారం

వెళ్ళలేదు. అత్తయ్యగారు కూడా వెళ్ళలేదు. గంట కొట్టాక కూడా వంటింట్లో వంకాయలు తరుగుతూ కూర్చున్నారు. జ్వరంతో కూడా పూజ మానని మనిషి. శౌరి వెళ్ళబోతూ, "ఏంటమ్మా, రావా?" అని అడిగారు.

"పిల్ల ఒక్కర్తే ఉంటుంది" అన్నారు.

నా మూలంగా ఆవిడ పూజ మానేశారు. రాత్రికి మామయ్యగారి ఫొటో ముందు కూర్చుని జపమాల రెండుసార్లు చెప్పుకున్నారు. మంగళవారం నేను వస్తానని చెప్పాను. గుమ్మం దాకా, అని మనసులో అనుకున్నాను.

2 ఫిబ్రవరి, మంగళవారం

కొవ్వొత్తుల పండుగ. అత్తయ్యగారు దీన్ని ఇంకా దేవమాత శుద్ధీకరణ పండుగ అనే అంటారు. ఇప్పుడు పేరు మార్చి బాలయేసుని దేవాలయంలో సమర్పించిన పండుగ అంటున్నారు. మరియమ్మగారికి శుద్ధి ఏమిటని నేనూ ఆ కొత్త పేరుకే ఓటేశాను. ఏ పేరుతో పిలిచినా, ఆవిడ బిడ్డనెత్తుకునే వెళ్ళింది.

ఈ ఒక్క పండుగకి పూజ గుడి బయట మొదలవుతుంది. తెల్లవారినా ఇంకా మంచు ఉంది. అందరం మెట్ల కింద నిలబడ్డాం. నేను వెనకాల, అత్తయ్యగారు నా పక్కన. ఫాదర్‌గారు కొవ్వొత్తులు దీవించి తీర్థం చల్లుకుంటూ వచ్చారు. నా మొహం మీద కూడా పడింది. పెదవి మీద చుక్క ఉప్పగా ఉంది.

అత్తయ్యగారు కూడా నాలుకతో చూసుకున్నారు. "ఉప్పేశారు" అన్నారు మెల్లగా. ఆవిడ మొహం చూడాలి అప్పుడు.

పాట అందుకుని అందరూ లోపలికి నడిచారు. మెట్లెక్కాను. గుమ్మం దగ్గర కాలు ఆగింది. మీరు వెళ్ళండి అని అత్తయ్యగారిని పంపించేశాను. ఆవిడ వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు. చూస్తూండగానే బయట నేనొక్కదాన్నే మిగిలాను. కాలవ మీది గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టుకున్నాను. లోపల పాట అయిపోయింది. అందరూ కూర్చున్న చప్పుడు వినిపించింది. ఇంక వెళ్ళిపోదాం, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

లోపల ఏమీ వినిపించడం లేదు. తల ఎత్తి చూస్తే ఫాదర్‌గారు బలిపీఠం దగ్గర్నుంచి దిగి వస్తున్నారు. బల్లల మధ్యనుంచి, నెమ్మదిగా, చేతిలో పుస్తకం లేకుండా. తలలన్నీ ఇటు తిరిగాయి. గుమ్మం దాకా వచ్చి, గడప దాటి బయటికి వచ్చి నా ముందు నిలబడ్డారు.

ఆయన వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా చెప్పారు. "ఇది మైల తీర్చడం కాదండి. మన టీచర్‌గారు బయట ఉండిపోయారు. తీసుకెళ్ళడానికి వచ్చాను."

స్టోలు కొస నా చేతిలో పెట్టారు. "రండమ్మా. మీ బాబు ముందే వెళ్ళాడు" అన్నారు, నాకొక్కదానికే వినిపించేలా.

పట్టుకుని నడిచాను. అత్తయ్యగారు చెప్పినట్టే, అంతే. ఎవరు చూశారో, ఎవరు ఏడ్చారో నాకు తెలియదు. శౌరి ఏడ్చారని సూర్యకాంతమ్మగారికి ఎలా తెలిసిందో, సాయంత్రానికి ఆవిడే నాకు చెప్పారు.

మొదటి పఠనం నేనే చదివాను. కామాల దగ్గర ఆగాను. ఒకచోట కామా లేకపోయినా ఆగాల్సి వచ్చింది.

3 ఫిబ్రవరి, బుధవారం

నిన్న సాయంత్రం సంగతి రాయలేదు.

ఫాదర్‌గారు స్కూటర్ మీద మా ఇంటికొచ్చి, "సంపూర్ణమ్మగారూ, ఆ చోటు చూపిస్తారా?" అని అడిగారు. నలుగురం వెళ్ళాం. శౌరికి దారిలోనే చెప్పారు అత్తయ్యగారు. వాళ్ళమ్మ చేతిలో పొద్దుటి తీర్థం సీసా ఉంటే శౌరి తీసుకున్నారు.

తుమ్మచెట్టు దగ్గర ఫాదర్‌గారు అడిగారు, "ఎక్కడమ్మా?"

అత్తయ్యగారు చెట్టుకి ఇటు నడిచారు, అటు నడిచారు. మళ్ళీ ఇటు వచ్చారు. ముప్పై ఏళ్ళు దాటిపోయింది, కాలవ గట్టు జరిగింది. "తెలియడం లేదండి" అన్నారు.

నేను దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకున్నాను. ఆవిడ బీడంతా కలయజూసి, "వాడొక్కడే కాదండి. మా పిన్నత్తగారి పిల్ల ఉంది, రత్తమ్మ కవలలు ఉన్నారు. ఎంతమందో. మొత్తం చల్లేయండి" అన్నారు.

ఫాదర్‌గారు కంచె ఈ చివర్నుంచి మొదలుపెట్టారు. పుస్తకం తెరవలేదు. చల్లుకుంటూ పిడకల పక్కనుంచి తుమ్మచెట్టు దాకా వెళ్ళేసరికి సీసా ఖాళీ అయింది. ఇంకా కాలవ దాకా బీడు మిగిలే ఉంది. ఆయన సీసా తలకిందులు చేసి ఆఖరి చుక్క దాకా దులిపారు.

"మళ్ళీ ఎప్పుడొస్తారండి?" అని అడిగారు అత్తయ్యగారు.

"రేపు వస్తానమ్మా. నీళ్ళు తెస్తాను."

"ఉప్పు నేను తెస్తాను" అన్నారు ఆవిడ.